మెడ కోసిన మోటార్‌సైకిల్

శ్రోతలకు నమస్కారం.

చాపర్ అనే మాట వినగానే మీకేం గుర్తొస్తుంది? పేపర్ చదివే అలవాటున్నవాళ్లకి హెలికాప్టర్. వంటింట్లో ఉన్నవాళ్లకి తాడు లాగితే ఉల్లిపాయలు తరిగిపెట్టే ప్లాస్టిక్ డబ్బా. నేను ఇవాళ చెప్పబోయేది మోటార్‌సైకిల్ గురించి. అయితే ఈ రెండింటిలో దానికి దగ్గరి చుట్టం ఉల్లిపాయల డబ్బానే. ఎందుకంటే చాపర్ అంటే కోసి చేసిన బండి.

మన దగ్గర హ్యాండిల్ కాస్త పైకి లేచి, సీటు కిందికి దిగి, కాళ్లు ముందుకు చాపుకుని నడిపే ఏ బండినైనా చాపర్ అనేస్తాం. అవెంజర్ వచ్చినప్పుడు అలాగే అన్నాం. థండర్‌బర్డ్‌నీ అన్నాం. పాపం, అవి చక్కటి క్రూయిజర్లు. ఫ్యాక్టరీలో ఎలా పుట్టాయో అలాగే ఉన్నాయి, ఎవరూ వాటి మీద రంపం పెట్టలేదు. అసలు చాపర్ ఏదో తెలియాలంటే అమెరికాలో ఆ రంపం ఎక్కడ పెట్టారో చూడాలి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వాడిన హార్లే డేవిడ్‌సన్ కంపెనీ బండ్లు అక్కడ చవగ్గా అమ్మకానికొచ్చాయి. ఇళ్లకు తిరిగొచ్చిన కుర్రాళ్లు వాటిని కొన్నారు. బరువైన బండ్లవి. వేగం కావాలంటే ఇంజన్ పెంచాలి, లేదా బరువు దించాలి. ఇంజన్ పెంచడానికి డబ్బు కావాలి, బరువు దించడానికి రెంచి చాలు. ముందు మడ్‌గార్డ్ ఊడదీశారు. వెనకది సగానికి కోసేశారు. జుట్టు పొట్టిగా కత్తిరిస్తే బాబ్ కటింగ్ అంటాం చూడండి, అదే మాటతో ఈ బండికి బాబర్ అని పేరొచ్చింది. యుద్ధానికి ముందు నుంచే ఇలా కోసేవాళ్లున్నారు గానీ, గుంపుగా మొదలైంది మాత్రం ఆ తర్వాతే.

బాబర్‌లో పోయింది రేకు మాత్రమే, ఛాసిస్ జోలికి ఎవరూ పోలేదు. రంపం ఛాసిస్ దాకా వెళ్లిన రోజున చాపర్ పుట్టింది. కచ్చితంగా చెప్పాలంటే బండి మెడ దగ్గర. మన మెకానిక్‌లు 'కోన్‌సెట్ పోయింది, మార్చాలి' అంటారే, ఆ కోన్‌సెట్ కూర్చునే గొట్టమే బండికి మెడ. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు మొత్తం అందులోంచే తిరుగుతుంది. ఆ గొట్టాన్ని కోసి, ఇంకాస్త వెనక్కి వాల్చి, మళ్లీ వెల్డింగ్ చేసి, పొడవాటి ఫోర్కు తగిలిస్తే ముందు చక్రం ఎక్కడో దూరంగా వెళ్లి నిలబడుతుంది. ఫోటోల్లో చాపర్ అలా సాగినట్టు కనిపించడానికి కారణం ఆ ఒక్క కోత.

ఇంట్లో కూర్చుని వింటున్నవాళ్లు ఒక పెన్ను తీసుకోండి. బండి మీద ఉన్నవాళ్లు వద్దు. పెన్నుని టేబుల్ మీద నిలబెట్టి, పై కొన కొంచెం మీ వైపుకి వాల్చండి. అదే ఫోర్కు అనుకోండి. మామూలు హార్లేలో ఆ వాలు సుమారు 30 డిగ్రీలు. దీన్ని రేక్ అంటారు. ఇప్పుడు మెడలోంచి ఆ వాలులోనే ఒక గీత నేల దాకా గీశామనుకోండి. ఆ గీత నేలని తాకేచోటుకి కొన్ని అంగుళాలు వెనకగా టైరు నేలని తాకుతుంది. ఆ దూరం పేరు ట్రెయిల్. ఆఫీసు కుర్చీ కింద చిన్న చక్రం చూడండి, కుర్చీని ఎటు తోస్తే అటు తనే తిరిగి వెనక పడి వస్తుంది. బండి ముందు చక్రం కూడా ఆ ట్రెయిల్ వల్లే తిన్నగా వస్తుంది. ట్రెయిలే లేకపోతే హ్యాండిల్ వణికి మనిషిని పడేస్తుంది.

ఇప్పుడు పెన్నుని ఇంకా వాల్చండి, 40, 45 డిగ్రీల దాకా. గీత ఇంకా ముందుకెళ్లి నేలని తాకుతుంది, ట్రెయిల్ పెరుగుతుంది. హైవే మీద అలాంటి బండి రైలు పట్టాల మీద పోయినట్టు పోతుంది. అదే బండితో సందులో యూ టర్న్ తీసుకోమంటే నరకం. నెమ్మదిగా తిప్పితే ముందు చక్రం తన బరువుకి తనే ఒక పక్కకి ఒరిగిపోతుంది, భుజాలు లాగేస్తాయి. పనివాడి గొప్పతనం ఇక్కడే తేలుతుంది. ఫోర్కు ఎంత పెంచాలి, మెడ ఎంత వాల్చాలి, ట్రెయిల్ ఎక్కడ ఆపాలి అనే లెక్క తప్పితే బండి ఫోటోకి పనికొస్తుంది గానీ రోడ్డుకి పనికిరాదు. కొందరు లెక్కలు మానేసి మెడని ముట్టుకోకుండా ఫోర్కు గొట్టాలు మాత్రం పొడుగ్గా వేసేవారు. అప్పుడు బండి ముందు కాళ్లు ఎత్తిన గుర్రంలా ఆకాశంలోకి చూస్తుంది. అలాంటివి ఆ రోజుల్లో బోలెడు తిరిగాయి. నా దృష్టిలో అవి సగం చాపర్లు.

కోసిన మెడని అతికించేటప్పుడు ఛాసిస్‌ని ఒక బరువైన ఇనప బల్లకి బోల్టులతో బిగిస్తారు. జిగ్ అంటారు దాన్ని. వెల్డింగ్ వేడికి ఇనుము లాగేసుకుంటుంది కాబట్టి, బిగించకుండా చేస్తే మెడ వెంట్రుకవాసి పక్కకి తిరుగుతుంది. ఆ తిరిగిన మెడతో వెళ్లే బండిని వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ రెండు దారుల్లో వస్తుంటాయి.

మిగతా హంగులన్నీ దీని తర్వాతే. వెనక షాకబ్జర్లు తీసేసి, మెడ నుంచి వెనక ఇరుసు దాకా ఒకే వాలు గీతలా ఛాసిస్ చేస్తారు. చూడ్డానికి ఎంత అందమో, స్పీడ్ బ్రేకర్ వస్తే నడుముకి అంత శిక్ష. పల్లీ గింజంత ట్యాంకు, అంటే పెట్రోల్ బంకు నుంచి బంకుకి ప్రయాణం. సన్నగా 21 అంగుళాల ముందు చక్రం, చాలామంది దానికి బ్రేకు కూడా పెట్టేవారు కాదు. ఇది మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. భుజాల కంటే ఎత్తులో హ్యాండిల్ ఉంటే, కోతి కొమ్మ పట్టుకుని వేలాడినట్టుందని దానికి ఏప్ హ్యాంగర్ అని పేరు పెట్టారు. ఇవన్నీ ఉన్నా, మెడ కోయకపోతే అది వేషం వేసుకున్న మామూలు బండే.

బండి హార్లేనే కావాలా? అక్కర్లేదు. ట్రయంఫ్‌లని కోశారు. 1969లో వచ్చిన హోండా సీబీ 750ని అయితే డెబ్బైలలో లెక్కలేనంత మంది కోశారు.

కంపెనీలు కూడా ఊరుకోలేదు. 1971లో హార్లే సూపర్ గ్లైడ్ అని చాపర్ పోలికలతో ఒక బండి తెచ్చింది, 1980లో వైడ్ గ్లైడ్ తెచ్చింది. అప్పట్నుంచి 'ఫ్యాక్టరీ కస్టమ్', అంటే సొంతంగా మార్చుకున్నట్టు ఫ్యాక్టరీయే చేసి ఇచ్చే బండి, అనే మాట వాడుకలోకి వచ్చింది. నాకు అది 'హోటల్లో ఇంటి భోజనం' అన్నట్టే వినిపిస్తుంది. తర్వాత 2003 నుంచి టీవీలో ఆరెంజ్ కౌంటీ చాపర్స్ అనే అమెరికా దుకాణం వాళ్ల కార్యక్రమం వచ్చి, తండ్రీకొడుకుల గొడవల మధ్య బండ్లు తయారవడం ఇంటింటా చూశారు. ఇంజన్ ఒక కంపెనీది, చక్రాలు ఇంకో కంపెనీది, కేటలాగ్ చూసి తెప్పించి బిగించడం అప్పుడు పెద్ద వ్యాపారమైంది. పనితనం లేదనను. కానీ కాలిఫోర్నియాలో ఆర్లెన్ నెస్ లాంటివాళ్లు మొదలుపెట్టినప్పుడు కొనుక్కుందామన్నా ఆ భాగాలు దొరికేవి కావు, హ్యాండిల్ కావాలన్నా తనే వంచుకోవాలి. నెస్ దుకాణం అలా చిన్న చిన్న భాగాలు చేసి అమ్మడంతోనే ఎదిగింది.

మరి మన దగ్గర ఎందుకు చేయకూడదు అని అడిగే కుర్రాళ్లున్నారు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అలా మార్చిన సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. సైలెన్సర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మెడ సంగతి అలా కాదు. మన బుల్లెట్ ఛాసిస్ నంబరు కొట్టి ఉండేది సరిగ్గా ఆ మెడ మీదే. అక్కడ రంపం పెడితే బండి పుట్టుమచ్చ చెరిపేసినట్టే. అమెరికాలో పాతరోజుల్లో ఈ చిక్కు లేదు. 1969 దాకా హార్లే నంబరు ఇంజన్ మీద మాత్రమే ఉండేది, ఛాసిస్‌కి వేరే నంబరు లేదు. 1970 మోడల్ నుంచి మెడ మీద కొట్టడం మొదలుపెట్టారు. అంటే చాపర్ల స్వర్ణయుగానికి కాగితాల పరంగా కూడా తలుపు తెరిచే ఉంది.

ఆ యుగంలో లోకమంతా చూసిన బండి ఒకటుంది. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్' సినిమాలో పీటర్ ఫోండా నడిపిన, ట్యాంకు మీద అమెరికా జెండా ఉన్న చాపర్. దాన్ని చేసింది లాస్ ఏంజెలెస్‌లోని నల్లజాతి పనివాళ్లు. బెన్ హార్డీ చేతులు, క్లిఫ్ వాస్ ఆలోచన. వాస్ పౌరహక్కుల ఉద్యమంలో తిరిగిన ఫోటోగ్రాఫర్ కూడా. పోలీసులు వాడి వేలానికి పెట్టిన పాత హార్లేలని సుమారు 500 డాలర్ల లెక్కన కొని, సినిమాలోని ఇద్దరు హీరోలకీ రెండేసి చొప్పున మొత్తం నాలుగు బండ్లు కోసి చేశారు. సినిమా టైటిల్స్‌లో ఈ ఇద్దరి పేర్లూ లేవు. దశాబ్దాల పాటు ఆ బండి ఫోండాదిగానే చెలామణి అయింది. హార్డీ 1994లో పోయారు, ఆయనకి దక్కాల్సిన పేరు చాలావరకు ఆ తర్వాతే దక్కింది.

సినిమా విడుదల కాకముందే నాలుగింట్లో మూడు బండ్లు దొంగలపాలయ్యాయి, మళ్లీ కనబడలేదు. నాలుగోది చివరి సీనులో ముక్కలైంది. ఆ ముక్కలతో తిరిగి కట్టిందే ఇదని చెప్పిన ఒక బండిని 2014లో కాలిఫోర్నియాలో వేలం వేస్తే పాట 13 లక్షల 50 వేల డాలర్ల దగ్గర ఆగింది. అదే సమయంలో అసలైంది మా దగ్గరుందంటూ ఇంకొకరూ ముందుకొచ్చారు. రెండిట్లో ఏది నిజమో ఛాసిస్ నంబరు చూసి తేల్చుకుందామంటే, అది మెడ మీద నంబరు లేని కాలం నాటి బండి.

నమస్కారం.