కలుపు మొక్క ఆకులో ఏముంది?

అందరికీ నమస్కారం.

కలుపు తీసేటప్పుడు గడ్డిచేమంతినీ గుంటగలగరనూ గంగవాయిలినీ ఒకే కుప్పలో పడేస్తాం. ఈ మొక్కలకు నీళ్లు పెట్టేవాళ్లు లేరు, మందు కొట్టేవాళ్లు లేరు. ఎండనూ పురుగునూ బూజునూ అవే తట్టుకోవాలి. కదిలి పారిపోలేవు కనుక ఆకులోనే ఫ్లేవనాయిడ్లు, టానిన్లు, ఆల్కలాయిడ్లు తయారుచేసుకుంటాయి. మనం యాంటీఆక్సిడెంట్లు (ఆక్సీకరణను అడ్డుకునేవి), బ్యాక్టీరియాను అణిచేవి అని పిలిచే పదార్థాలు చాలావరకు ఇవే.

వాటిని కొలిచే పరీక్షల్లో ఒకటి ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. డీపీపీహెచ్ అనే పదార్థాన్ని మిథనాల్‌లో కరిగిస్తే ముదురు ఊదా రంగు వస్తుంది. అది జతలేని ఎలక్ట్రాన్ ఉన్న ఫ్రీ రాడికల్. అందులో ఆకు సారం కలిపి అరగంట చీకట్లో ఉంచుతాం. సారం ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్‌నో ఇవ్వగలిగితే ఊదా వెలిసి పసుపు తేలుతుంది. ఎంత వెలిసిందో 517 నానోమీటర్ల దగ్గర కొలిచి, విటమిన్ సి తో పోలుస్తాం.

బ్యాక్టీరియాకైతే అగార్ పళ్లెం, అంటే సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ పోసిన పళ్లెం. సారం పీల్చిన కాగితపు బిళ్ల చుట్టూ సూక్ష్మజీవులు పెరగకపోతే తేటగా ఒక వలయం కనిపిస్తుంది. పక్కనే ఉత్త ద్రావణి (సారం తీయడానికి వాడిన మిథనాల్ లాంటిది) పీల్చిన బిళ్ల కూడా ఉండాలి, ఎందుకంటే మిథనాల్ కూడా సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఆ బిళ్ల లేని ఫొటోను నేను నమ్మను. స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగే పళ్లెంలో బిళ్ల చుట్టూ వచ్చినంత వలయం, ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియా పళ్లెంలో తరచూ రాదు. ఈ.కోలైకి అదనంగా ఒక బయటి పొర ఉంటుంది, చాలా పదార్థాలు దాన్ని దాటలేవు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే సంగతికొస్తాను. కుప్పింటాకు సారం ఇలాంటి పరీక్షల్లో మంచి ఫలితాలే ఇచ్చింది. కానీ పుట్టుకతో జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఆ ఆకు తిని, ఎర్రరక్తకణాలు పగిలిపోయి ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎర్రకణాన్ని ఆక్సీకరణ నుంచి కాపాడటమే ఆ ఎంజైమ్ పని. అంటే గాజుగొట్టంలో యాంటీఆక్సిడెంట్ అనిపించుకున్న ఆకే ఆ రక్తంలో ఆక్సీకరణను పెంచింది! తమకు ఆ లోపం ఉందని చాలామందికి తెలియదు కూడా. ఊదా రంగు వెలిసిందని చూసి ఎవరైనా ఆకు నూరుకుని తాగుతారేమోనని నా భయం.

అందుకే మా దగ్గర ఏ కలుపు మొక్కతో పని మొదలుపెట్టినా, ఆ సారాన్ని ఎర్రరక్తకణాల మీద కూడా పరీక్షించాకే ఫలితాలు రాస్తాం.