తోలుపెట్టెలో మిగిలిన ఉత్తరాలు

శ్రోతలకు నమస్కారం. 1942 జూలై 13న, నాజీ జర్మనీ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులోని ఇసీ-లెవెక్ అనే పల్లెకు పోలీసులు వచ్చి ఇరేన్ నెమిరోవ్‌స్కీ అనే రచయిత్రిని తీసుకుపోయారు. కీవ్ నగరంలో పుట్టి, రష్యా విప్లవం తరువాత కుటుంబంతో ఫ్రాన్సు చేరి, ఫ్రెంచి నవలలతో పేరు తెచ్చుకున్న ఆమెను పట్టుకుపోవడానికి, ఆమె యూదు కుటుంబంలో పుట్టిందన్న ఒక్క కారణం చాలింది. ఆనాటి నుంచి ఆమె భర్త మిషెల్ ఎప్‌స్టైన్ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఈ పూట నేను చెప్పదలచినది ఆ ఉత్తరాల సంగతే.

ప్రచురణకర్తలకు రాశాడు, మిత్రులకు టెలిగ్రాములు పంపాడు, జూలై 27న పారిస్‌లోని జర్మన్ రాయబారి ఆట్టో ఆబెట్జ్‌కే నేరుగా రాశాడు. తన భార్య ఉబ్బసంతో బాధపడుతున్నదనీ, ఆమె కబురేదీ తనకు అందడం లేదనీ మొరపెట్టుకున్నాడు. ఆయన అలా రాసేనాటికి ఆమెను పితివియే శిబిరం నుంచి నాజీల మృత్యుశిబిరమైన ఆష్విట్జ్‌కు తరలించి 10 రోజులైంది. ఆగస్టులో, 39 ఏళ్ల వయసులో, ఆమె అక్కడ మరణించింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలియదు గనుకనే సెప్టెంబరులోనూ రాస్తూనే ఉన్నాడు. ఆమెకు బదులు తనను తీసుకుపోయే వీలుందా అని కూడా అడిగాడు. అక్టోబరులో ఆయననూ అరెస్టు చేశారు. నవంబరులో ఆష్విట్జ్‌కు పంపి చంపేశారు.

మిగిలింది ఇద్దరు ఆడపిల్లలు, ఒక పెట్టె. పెద్దమ్మాయి డెనిజ్‌కు అప్పటికి పదమూడో ఏడు, చిన్నది ఎలిజబెత్‌కు అయిదేళ్లు. పెట్టెలో అమ్మ రాసుకున్న నోటుపుస్తకం ఉందనీ, దాన్ని ఎన్నడూ వదలవద్దనీ తండ్రి పెద్దమ్మాయికి చెప్పి వెళ్లాడు. సంరక్షకురాలి వెంట ఒక చోటి నుంచి మరో చోటికి తలదాచుకుంటూ తిరిగిన ఆ పిల్లలు పెట్టెను వదలలేదు. అది అమ్మ దినచర్య కాబోలునని, చదివితే తట్టుకోలేమని, దశాబ్దాల పాటు తెరిచి చదవలేదు. చివరకు డెనిజ్ భూతద్దం పట్టుకుని, కాగితం పొదుపు కోసం అమ్మ చీమ తలకాయలంత అక్షరాలతో నింపిన ఆ పుటలకు నకలు తీసింది. అది దినచర్య కాదు, అసంపూర్ణంగా ఆగిపోయిన నవల. 2004లో ‘సూట్ ఫ్రాన్సేజ్’ పేరుతో అచ్చయి, అంతవరకు మరణించిన రచయితకు ఎన్నడూ ఇవ్వని రెనోదో అనే ఫ్రెంచి సాహిత్య బహుమతిని పొందింది.

నవల కథ చాలామందికి తెలుసు. దాని వెనుక అనుబంధంగా అచ్చయిన ఉత్తరాలను ఓపికగా చదివినవారు తక్కువ. అందులో మనసును చివుక్కుమనిపించే మాట ఒకటుంది. రాయబారికి రాసిన ఉత్తరంలో మిషెల్, తన భార్య పుస్తకాలలో యూదుల పట్ల ఆప్యాయతేమీ కనిపించదని వాదిస్తాడు. ఆమె నవలలలోని యూదు పాత్రల చిత్రణ మీద ఈనాటికీ తీవ్రమైన విమర్శ ఉంది. ఆ వాక్యాన్ని కత్తిరించి ఉంటే ఆమె పేరుకు మచ్చ కొంత తగ్గేదేమో. కానీ భార్య ప్రాణం కోసం ఒక మనిషిని ఎంతమాట అనేదాకా నెట్టారో మనకు తెలిసేది కాదు. దాన్ని అలాగే అచ్చువేయడమే సరైన పని అని నేను నమ్ముతాను.

ఈ ఉత్తరాలకు ఇంత బలం ఇచ్చినవి వాటి తేదీలు. జూలై 27 అన్న తేదీ లేకుంటే అది ఒక భర్త వేదన మాత్రమే. తేదీ ఉన్నందువల్ల, అప్పటికే ఆమె ఎక్కడ ఉందో శిబిరాల లెక్కలతో పోల్చి చెప్పగలుగుతున్నాము. అందుచేత మీ ఇంట్లో పెద్దల ఉత్తరాలు ఉంటే, వాటిని వచ్చిన వరుసలోనే ఉంచండి. ఎవరు ఎవరికి రాశారో, తెలిసినవారు ఉండగానే అడిగి, వేరే కాగితం మీద రాసి జతచేయండి. ఉత్తరంలో తేదీ లేకపోయినా తపాలా ముద్ర మీద ఉంటుంది గనుక, కవరును మాత్రం పారవేయకండి.