ఏ సంవత్సరమని కాదు, ఏ వారమని అడగండి

అందరికీ నమస్కారం. మీరుంటున్న ఇంగ్లండ్ చిన్న పట్టణాల్లో పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేయబోతున్నారు కాబట్టి పనికొచ్చే సంగతులే చెప్తాను.

"అది ఏ సంవత్సరమండీ?" అని అడిగితే ఎనభై ఏళ్ళ మనిషి తడుముకుంటారు. "సంత రోజు పొద్దున వీధి ఎలా ఉండేది?" అనండి, మాట దానంతటదే వస్తుంది. ఇలాంటి ఊళ్ళను మార్కెట్ టౌన్ అంటారు, ఆ పేరే సంత వల్ల వచ్చింది. లెస్టర్‌షైర్‌లోని మెల్టన్ మోబ్రే సంత 1086లో రాజు దేశమంతటా రాయించిన డూమ్స్‌డే భూముల లెక్కల్లోనే కనిపిస్తుంది. అక్కడ సంత అంటే మంగళవారమే. రెండు సంతల మధ్య కనీసం ఆరు మైళ్ళు, ఆపైన మైలులో మూడింట రెండు వంతులు దూరం ఉండాలని బ్రాక్టన్ పేరుతో ఉన్న 13వ శతాబ్దపు న్యాయగ్రంథం చెప్తుంది. రోజుకు 20 మైళ్ళ ప్రయాణం అనుకుని, అందులో మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు బేరాలకు, మూడో వంతు చీకటి పడకముందే ఇల్లు చేరడానికి! అందుకే ఏ ఊళ్ళ నుంచి వచ్చేవారు, పశువుల్ని తోలుకొచ్చేవారా, రైల్లో తెచ్చేవారా, తప్పకుండా అడగండి.

వారంలో ఇంకో రోజు కూడా గుర్తుంటుంది. 1911 చట్టంతో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు వారానికో పూట సెలవు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఊరు ఊరంతా తలుపులేసుకునేది. పబ్బులదీ ఇలాంటి కథే: మామూలుగా మధ్యాహ్నం మూసేవాళ్ళు, సంత రోజున మాత్రం చాలాచోట్ల ప్రత్యేక అనుమతి ఉండేది. 1988లో చట్టం మారాక ఆ తేడా పోయింది.

ఎక్కువ తప్పులు దొర్లేది డబ్బు దగ్గర. 1971 ఫిబ్రవరి 15 దాకా పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. ఎవరైనా "త్రీ అండ్ ఇలెవెన్" అంటే మూడు షిల్లింగుల పదకొండు పెన్నీలు, అంటే ఇప్పటి 20 పెన్నీల లోపే. దాన్ని 3.11 పౌండ్లని రాస్తే బూట్ల జత ధర పదిహేను రెట్లు దాటిపోతుంది. "టెన్ బాబ్" అంటే పది షిల్లింగులు. బాబ్ అనే మనిషి కోసం వెతక్కండి. పశువుల వేలంలో గినీ వినిపిస్తుంది, అది 21 షిల్లింగులు. స్టోన్ అంటే 14 పౌన్ల బరువు, సుమారు 6.35 కిలోలు. చాలా ఊళ్ళలో "డిన్నర్" మధ్యాహ్న భోజనం, రాత్రిది కాదు.

జ్ఞాపకం కాలాలను కలిపేస్తుంది. "యుద్ధంలో రొట్టెకు కూడా కూపన్లే" అంటారు. నిజానికి యుద్ధకాలంలో రొట్టెకు రేషన్ లేదు. 1946 జులైలో మొదలై 1948 జులైలో ముగిసింది. మాంసానిది 1954 దాకా సాగింది. అలాగని అడ్డుపడి సరిదిద్దకండి, వాళ్ళు ముడుచుకుపోతారు. విన్నది విన్నట్టే ఉంచి, సరైన తేదీ విడిగా నమోదు చేయండి. "గాలికుంటు వచ్చిన ఏడు" అని పశువుల అంటువ్యాధి గురించి చెప్తే మాత్రం అప్పుడే అడగాలి: 1967లో ఓస్వెస్ట్రీ పట్టణం దగ్గర మొదలైనదా, 2001దా? రెండోసారి దేశమంతటా పశువుల రవాణా ఆపేశారు. సంతలు నెలల తరబడి మూతపడ్డాయి, కొన్ని మళ్ళీ తెరుచుకోలేదు.

ఇక రికార్డు చేసే యంత్రం సంగతి. అందులో శబ్దాన్ని కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ (WAV) ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకోండి. మోనోలో (ఒకే ఛానెల్) గంటకు 520 మెగాబైట్లు పడుతుంది, స్టీరియోలో దానికి రెట్టింపు. మెమరీ కార్డులో జాగా ముందే చూసుకోండి. మైకు నోటికి జానెడు దూరంలో, చొక్కాకు గుచ్చేదైతే నగలకూ శాలువాకూ తగలకుండా పెట్టాలి. గోడ గడియారం టిక్కు, ఫ్రిజ్ గుర్రు, టీ కప్పు చప్పుడు మనిషి చెవి వదిలేస్తుంది, మైకు వదలదు. గంటన్నర దాటితే ఆపి, ఇంకో రోజు వెళ్ళండి. ఇంటికి రాగానే రెండు చోట్ల కాపీ పెట్టాకే కార్డు చెరపండి.

సంతకాల కాగితం మర్చిపోతే ఇంత శ్రమా పెట్టెలోనే ఉంటుంది. బ్రిటన్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు మీదైనా, అందులోని మాటల మీద హక్కు చెప్పినవారిదే. వారు రాసివ్వకపోతే రికార్డులు భద్రపరిచే ఏ ఆర్కైవూ దాన్ని జనానికి వినిపించడానికి వీల్లేదు. ఆ సంతకం అదే రోజు, మీరు లేచేముందే తీసుకోండి.