మెట్లెక్కితే దవాఖానా
(ప్రపంచ ఆరోగ్య దినం నాడు హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో విశ్రాంత స్టాఫ్ నర్సు ప్రసంగం)

అధ్యక్షుల వారికి, సెక్రటరీ గారికి, పిల్లాపాపలతో వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా వద్దన్నా కప్పారు. ఏప్రిల్ ఎండలో శాలువా ఏమిటండీ! తీసి కుర్చీ మీద వేస్తున్నా, ఏమీ అనుకోకండి.

నన్ను ప్రాణాయామం గురించి చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక మెట్ల దగ్గర మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఎదురైంది. ఆ కాగితం ఇక తీయను.

నిరుడు ఆవిడ తల తిరిగి మా వంటింట్లోనే కూలబడింది. బీపీ చూస్తే 180, 110. మాత్రలు వేసుకోవట్లేదా అని కోప్పడ్డాను. "వేసుకుంటున్నానమ్మా, రోజు విడిచి రోజు" అంది. అలా వేసుకుంటే నెల మాత్రలు రెండు నెలలు వస్తాయట! ప్రైవేటు క్లినిక్‌లో ఫీజు 300, రక్తపరీక్షలు వేరే.

తీరా చూస్తే మన గేటుకు పది నిమిషాల నడకలో బస్తీ దవాఖానా, అంటే బస్తీ జనం కోసం సర్కారు పెట్టిన చిన్న క్లినిక్, ఉంది. ఆవిడ రోజూ దాని ముందు నుంచే వస్తుంది. కమ్యూనిటీ హాలు మేడ మీద దవాఖానా, కింద టెంటు హౌస్ సామాను, బోర్డుకు అడ్డంగా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. ఆవిడకు చదువు లేదు, తెలియలేదు. ముప్ఫై ఏళ్లు సర్కారు దవాఖానాలో పనిచేసిన నాకేమైంది? నాకూ తెలియదు. ఆ సిగ్గుతోనే ఈ మైకు పట్టుకున్నాను.

ఢిల్లీలో 2015లో ఇలాంటివే, మొహల్లా క్లినిక్‌లని, వచ్చాయి. మన నగరంలో 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. డాక్టరు, నర్సు ఉంటారు. చూడటం ఉచితం, బీపీ, షుగరు మాత్రలు ఉచితం. రక్తం అక్కడే తీసి ల్యాబుకు పంపుతారు, దానికీ డబ్బులడగరు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది కదా అంటారు. ఉంది. అది ఆసుపత్రిలో చేరితే, ఆపరేషన్ పడితే పనికొస్తుంది. రోజూ వేసుకునే బీపీ మాత్రకు ఆ కార్డు పనికిరాదు. రోజు విడిచి రోజు వేసుకునే వాళ్లే చివరికి పక్షవాతంతో స్ట్రెచర్ మీద వస్తారు. నా వార్డులో ఎంతమందిని చూశానో!

అన్నీ బాగున్నాయని అనను. ఒక్కోసారి మాత్రలు అయిపోతాయి, డాక్టరు సెలవులో ఉంటారు. సాయంత్రానికి తలుపు మూస్తారు. ఆవిడ మన ఇళ్లలో పని ముగించుకునేసరికి అక్కడ తాళం. తప్పు దవాఖానాదేనా? నాగా పెడితే జీతం కోసేది ఎవరండీ? వెనక వరసలో నవ్వుతున్నారు, మిమ్మల్నే అడుగుతున్నా.

లిఫ్టు దగ్గర డ్యాన్స్ క్లాసు పోస్టరు ఉంది. దాని పక్కన ఆ దవాఖానా దారి, వేళలు రాసి అంటిద్దాం. చదవలేని వాళ్లకు నోటితో చెప్పండి. వాచ్‌మన్‌కు, డ్రైవర్‌కు, ఇస్త్రీ అబ్బాయి వాళ్లమ్మకు చెప్పండి. అలా చెప్పిన రోజు వాళ్లను ఓ గంట ముందు పంపండి.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి నేను గేటు దగ్గర ఉంటాను. మీ ఇంట్లో పనిచేసేవాళ్లను పంపండి, వెంటబెట్టుకుని వెళ్తాను. పాత చీటీలు, మాత్రల అట్టలు ఉంటే తెమ్మనండి. సెక్రటరీ గారూ, ఆ ఫ్లెక్సీ తీయించాలంటే ఎవరికి చెప్పాలో కనుక్కుని పెట్టండి.