గోడ లేని నీళ్లు: పాక్ జలసంధి ఈతకు తయారవుతున్న తిరుపతి అక్కతో కబుర్లు

నేను: అక్కా, రికార్డింగ్ మొదలైంది. తిరుపతిలో ఉంటూ సముద్రం ఈదుతానంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. మనకున్నది కొండ కదా!

అక్క: అందరూ అదే అంటారు నాన్నా. మాది పలమనేరు దగ్గర పల్లె. మా నాన్న నడుముకి సొరకాయ బుర్ర కట్టి బావిలో వదిలినప్పుడు నాకు ఏడేళ్లు, ఈత అక్కడే వచ్చింది. ఇప్పుడు నలభై మూడు. పాక్ జలసంధి అంటే మనకీ శ్రీలంకకీ మధ్య ఉన్న సముద్రం. శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి తమిళనాడులోని మన ధనుష్కోడి దాకా దాదాపు 30 కిలోమీటర్లు, వచ్చే మార్చిలో ఈదాలని.

నేను: మార్చే ఎందుకు?

అక్క: ఈశాన్య రుతుపవనాలు అయిపోయి, నైరుతి ఇంకా రాని రోజులు కదా, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. రెండు దేశాల అనుమతులూ కావాలి, ఆ కాగితాలకే నెలలు పడుతుంది. మన దేశపు ఈతగాడు మిహిర్ సేన్ 1966లో ఇదే జలసంధి ఈదారు, 25 గంటలు పైనే పట్టింది. మన తెలుగావిడ గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో దాటేశారు. ఆవిడ గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను: 30 కిలోమీటర్లంటే మన పూల్‌లో ఎన్ని రౌండ్లు?

అక్క: 25 మీటర్ల పూల్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకి 1200 సార్లు. కానీ ఆ లెక్క మోసం నాన్నా. పూల్‌లో ప్రతి 25 మీటర్లకీ చెయ్యి గోడకి తగులుతుంది, కాళ్లతో ఒక్క తోపు తోస్తే నాలుగైదు మీటర్లు ఊరికే వచ్చేస్తాయి. అది విశ్రాంతి అని నాకు సముద్రంలోకి దిగేదాకా తెలీలేదు. బావిలోనూ అంతే, అలుపొస్తే మెట్టు పట్టుకునేవాళ్లం. సముద్రంలో పట్టుకోవడానికేమీ ఉండదు. పక్కనే పడవ ఉంటుంది, కానీ దాన్ని ముట్టుకుంటే ఈత చెల్లదు. అందుకే ఇప్పుడు పూల్‌లో గోడ దాకా వెళ్లకుండానే రెండు మీటర్ల ముందే తిరిగేస్తున్నాను. ఒక గంట అలా చేసి చూడు, భుజాలు ఏం చెప్తాయో!

నేను: మొదటిసారి సముద్రంలో దిగినప్పుడు?

అక్క: తూపిలిపాళెం. తెల్లవారుజామున నాయుడుపేట మీదుగా వెళ్లాం. అలలు దాటి లోపలికి పోయాక గంటన్నర ఈదాననుకుంటా, ఒడ్డుకొస్తే నా చెప్పులు కనపడవు! చూస్తే అవి అర కిలోమీటరు అవతల ఉన్నాయి. నేను నేరుగానే ఈదుతున్నాననుకున్నా, నీళ్లు పక్కకి తోసుకుపోయాయి. ఆ రోజు వాంతులయ్యాయి, ఉప్పుకి నాలుక మొద్దుబారిపోయింది, స్నానానికి చెంబెడు నీళ్లు పోసుకుంటే చంకల కింద ఒరుసుకున్న చోట కారం రాసినట్టే మంట. ఇప్పుడు చంకలకి, మెడకి, భుజాల పట్టీల కింద వాసెలిన్ దట్టంగా పూస్తాను. పది బారలకోసారి మొసలిలాగా కళ్లు మాత్రమే పైకెత్తి దారి చూసుకుంటాను. తల మొత్తం లేపితే నడుము కిందికి దిగిపోతుంది. ఊపిరి కూడా రెండు వైపులా తీసుకోవడం నేర్చుకున్నా, లేకపోతే అల ఎటు నుంచి వస్తే అటే మింగాలి, పైగా పడవ డీజిల్ పొగ కూడా.

నేను: మరి తిండి?

అక్క: అసలు పరీక్ష అక్కడే! అరగంటకోసారి పడవలోంచి తాడు కట్టిన సీసా విసురుతారు. నీళ్లలో వెల్లకిలా తేలుతూ, కాళ్లు ఆడిస్తూ తాగాలి, నిమిషం దాటకూడదు. ఆగినంతసేపూ నీళ్లు నిన్ను ఎటో లాక్కెళ్తూనే ఉంటాయి కదా. రాగి జావ మన ప్రాణం కాబట్టి మొదట అదే పోసుకెళ్లాను, చిక్కగా ఉండి సీసా మూతిలోంచి రానే లేదు, నేను పిసుకుతూ ఉన్నాను, పడవలో మా ఆయన “కానియ్, కానియ్” అని అరుస్తున్నాడు. ఇప్పుడు బాగా పలచగా కాచి, రెండుసార్లు వడగట్టి, బెల్లం, చిటికెడు ఉప్పు వేస్తున్నాం. గంటకి 60 గ్రాముల దాకా పిండి పదార్థం లోపలికి పోవాలి, అది కడుపులో నిలవాలి. అక్కడి నీళ్లు వెచ్చగా ఉంటాయి, చెమట పట్టినా తెలీదు, అందుకే దాహం వెయ్యకపోయినా తాగాలి.

నేను: భయం?

అక్క: చీకట్లో బయల్దేరాలి నాన్నా, దాని గురించి ఆలోచిస్తే టెన్షనే. జెల్లీచేప తగిలితే మంట పుడుతుంది, అయినా చెయ్యి ఆపకూడదు. ఒకటి మాత్రం వినేవాళ్లకి గట్టిగా చెప్తున్నాను, ఒంటరిగా ఎవరూ దిగొద్దు. నేను జాలరి పడవ లేకుండా, నడుముకి నారింజ రంగు గాలిబుడగ కట్టుకోకుండా ఇంతవరకూ దిగలేదు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డు వైపు కొట్లాడకూడదు, ఒడ్డు వెంబడే పక్కకి ఈది బయటపడాలి.

నేను: తర్వాతి పెద్ద ఈత ఎప్పుడక్కా?

అక్క: ఈ శనివారం, ఆరు గంటలు. మా ఆయనకి డ్యూటీ పడింది. సీసా విసిరే మనిషి కావాలి, వస్తావా?

నేను: వస్తానక్కా. ఎన్నింటికి బయల్దేరాలి?

అక్క: రెండున్నరకి. జావ నేను కాచి తెస్తాలే, నువ్వు తాడు ముడి వెయ్యడం నేర్చుకునిరా.