చార్మినార్ రూపాయికి ఎంత ఇవ్వొచ్చు?

శ్రోతలకు నమస్కారం. పాత నాణేలు పోగుచేసేవాళ్లు ఎక్కడ కలిసినా అడిగేది ఒకటే: "ఎంతకు కొంటే మోసపోనట్టు?" ఉన్న కాస్త టైంలో అన్ని నాణేల సంగతీ చెప్పలేను. మన ఊరి నాణెం ఒకటి పట్టుకుందాం. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయి. నాకు ప్రాణం అది.

పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లారనుకోండి. గుడ్డ పరిచి కూర్చున్నాయన రూపాయి మీ చేతిలో పెట్టి "తులం వెండి సార్" అంటాడు. మీరు మాత్రం ముందు తూకం, తర్వాత బేరం. జేబులో పట్టే చిన్న డిజిటల్ కాటా తీయండి. అరగని హాలీ సిక్కా రూపాయి, అదే ఈ నిజాం రూపాయి, 11.18 గ్రాములు తూగాలి. బాగా అరిగితే కాస్త తగ్గుతుంది. అందులో వెండి నూటికి 81.8 పాళ్లు. అంటే అసలు వెండి 9 గ్రాముల పైచిలుకు, అంతే. ఇప్పటి పది గ్రాముల తులం లెక్కన చూసినా తులం లేదు! ఆ 9 గ్రాములకు ఇవాళ్టి వెండి ధర కట్టండి. అది అడుగు ధర. అయస్కాంతానికి అంటుకుందా, మాట్లాడకుండా తిరిగి ఇచ్చేయండి.

కల్దారు, అదే బ్రిటిష్ రూపాయి అయితే లెక్క వేరు. 11.66 గ్రాములు, 1939 దాకా నూటికి 91.7 పాళ్లు వెండి, 1940 నుంచి 1945 దాకా సగమే.

అడుగు ధర మీద ఇంకెంత ఇవ్వాలన్నది కంటితో తేల్చుకోవాలి. భూతద్దం పెట్టి చార్మినార్ గుమ్మంలోకి చూడండి. అక్కడ ఒక ఉర్దూ లిపి అక్షరం ఉంటుంది. మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, అయిన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. ఉస్మాన్ గద్దెనెక్కిన కొత్తలో, హిజ్రీ 1329, 1330లో, అంటే 1911-12లో, ఆ అయిన్ పొట్టిగా ఉండేది. తర్వాత నిండుగా వేశారు. పొట్టి అయిన్‌కు నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే అది న్యాయమైన మాటే. మీనార్ల గీతలు, హిజ్రీ సంవత్సరం తేటగా కనిపిస్తున్నా అంతే. గీతలన్నీ చెరిగిపోయి, అక్షరం ఏదో కూడా పోల్చుకోలేకపోతే మాత్రం అడుగు ధర దాటకండి.

ఇంకోటి. తళతళ చూసి పడిపోకండి. చింతపండు పెట్టి తోమిన రూపాయి కన్నా నల్లబడ్డ రూపాయికే సేకర్తలు ఎక్కువ ఇస్తారు. తోమిన గీతలు మళ్లీ పోవు. మా ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ మాట చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు.

ఇక ఫోన్‌లో కనిపించే "లక్ష రూపాయల నాణెం" సంగతి. అది అమ్మేవాడు అడిగే ధర. మనకు కావాల్సింది కొన్నవాడు ఇచ్చిన ధర. వేలం సంస్థలు పాట ఎక్కడ ఆగిందో వెబ్‌సైట్లలో పెడతాయి. అదే సంవత్సరం, అదే మాదిరి అరుగుదల ఉన్న నాణేలు రెండు మూడు చూసుకోండి. పాట ధర మీద కమిషన్, పన్ను కూడా కలపండి. అన్నీ కలిపినా గుడ్డ పరిచినాయన చెప్పేదానికన్నా తక్కువే తేలిందా, "చాయ్ తాగొస్తా" అని లేవండి. నాలుగు అడుగులు వేయకముందే వెనక నుంచి పిలుస్తాడు.