మైకు ముందు మౌనం: రిచీ బెనో

సంచాలకురాలు: శ్రోతలకు నమస్కారం. ఆకాశవాణిలోనూ, ఆ తరువాత టెలివిజన్‌లోనూ ఏళ్ల తరబడి తెలుగులో క్రికెట్ వ్యాఖ్యానం చేసిన పెద్దలు ఈరోజు మనతో ఉన్నారు. మాస్టారూ, మీ వృత్తిలో గురుస్థానం ఎవరిదని అడగగానే మీరు ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్, వ్యాఖ్యాత రిచీ బెనో పేరు చెప్పారు. ఆయన ఆడిన రోజులు మా తరానికి తెలియవు కాబట్టి, అక్కడి నుంచి మొదలుపెడదామా?

అతిథి: అలాగే అమ్మా. సిడ్నీకి పడమట ఉన్న పెన్‌రిత్‌లో 1930లో పుట్టిన బెనో గారు 63 టెస్టులు ఆడి 248 వికెట్లు తీసిన లెగ్ స్పిన్నర్. టెస్టుల్లో 2,000 పరుగులు, 200 వికెట్లు రెండింటినీ అందుకున్న మొదటి ఆటగాడు ఆయనే. కెప్టెన్‌గా ఒక్క సిరీస్ కూడా ఓడిపోలేదు. అయితే నాకు ఆయన మీద గురి కుదిరింది ఈ అంకెలను చూసి కాదు. 1956లో ఇంగ్లండ్ పర్యటన ముగిసి, జట్టు పాకిస్తాన్, భారత్ పర్యటనకు రావడానికి మధ్య కొద్దిపాటి విరామం దొరికింది. ఆ విరామంలో ఆయన లండన్‌లోనే ఉండిపోయి బీబీసీలో టెలివిజన్ శిక్షణ తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు నిండలేదు. ఆస్ట్రేలియాలో టెలివిజన్ ప్రసారాలు మొదలైందే ఆ సంవత్సరం. ఆ చదువు ముగించుకుని వచ్చాకే మద్రాసులో మన జట్టు మీద 72 పరుగులకు 7 వికెట్లు పడగొట్టారు.

సంచాలకురాలు: అంటే, ఆట మంచి ఊపు మీద ఉండగానే రెండో వృత్తికి పునాది వేసుకున్నారన్నమాట.

అతిథి: పునాది అంతకు ముందే పడిందనాలి. ఆడే రోజుల్లోనే ఆయన సిడ్నీ పత్రికలో నేర వార్తల విలేకరిగా పనిచేశారు. చూసింది మాత్రమే రాయాలి, తక్కువ మాటల్లో రాయాలి అనే క్రమశిక్షణ అలాంటి కొలువులోనే అబ్బుతుంది. గోల్ఫ్ వ్యాఖ్యాత హెన్రీ లాంగ్‌హర్స్ట్, టెన్నిస్ వ్యాఖ్యాత డాన్ మాస్కెల్, గుర్రప్పందేల వ్యాఖ్యాత పీటర్ ఓసలివన్ వంటి వారిని గమనించి ఆయన పని నేర్చుకున్నారు. 1964లో ఆట మానేసేనాటికే ఇంగ్లండ్ టెలివిజన్ ప్రేక్షకులకు ఆ గొంతు పరిచయం. 1977లో ఆస్ట్రేలియా టెలివిజన్ సంస్థ ఛానల్ నైన్ యజమాని కెర్రీ పాకర్ సొంతంగా నడిపిన ప్రపంచ సిరీస్ క్రికెట్‌కు సలహాదారుగా నిలిచి, అప్పటి నుంచి మూడున్నర దశాబ్దాలు ఆ ఛానల్‌లోనే కొనసాగారు.

సంచాలకురాలు: ఆయన వ్యాఖ్యానంలో మిమ్మల్ని అంతగా ఆకట్టుకున్నది ఏమిటి మాస్టారూ?

అతిథి: మౌనం అమ్మా. రేడియోలో పెరిగిన మాకు ఒక్క క్షణం ఖాళీ వస్తే గుండె ఆగినంత పనయ్యేది. ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడో, బ్యాట్స్‌మన్ గ్లవ్స్ ఎలా సర్దుకుంటున్నాడో చెప్పకపోతే శ్రోతకు చీకటే కదా! ఆ అలవాటుతోనే నేను మొదటిసారి టెలివిజన్ మైకు పట్టుకుని, బంతి బౌండరీ వైపు వెళుతున్నదనీ, ఫీల్డర్ పరుగెత్తుతున్నాడనీ, బంతి గీత దాటిందనీ వరుసగా చెప్పుకుంటూ పోయాను. ఆ రాత్రి మా ఆవిడ, "అదంతా మాకూ కనిపిస్తూనే ఉంది కదండీ" అన్నది. ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తరువాత బెనో గారి పాత ప్రసారాలు తెప్పించుకుని, కాగితం పెన్ను పట్టుకుని కూర్చుని, ఒక ఓవర్‌లో ఆయన ఎన్ని మాటలు మాట్లాడుతున్నారో లెక్కపెట్టాను. కొన్ని బంతులకు అసలు మాటే లేదు. బంతి పడేది, వికెట్ కీపర్ అందుకునేవాడు, ప్రేక్షకుల సందడి వినిపించేది, బౌలర్ వెనక్కి నడిచేవాడు. అతను రనప్ మొదలుపెట్టేలోగా నాలుగైదు మాటల్లో, మనకు కనిపించనిది ఏదో ఒకటి చెప్పేవారు. తెరపై ఉన్నదానికి కొత్తగా చేర్చగలిగితేనే నోరు విప్పాలి, లేకపోతే ఊరుకోవాలి అనేది ఆయన నియమం. ఆస్ట్రేలియా జట్టును "మనం" అని ఎన్నడూ అనేవారు కాదు. క్యాచ్ జారవిడిస్తే దాన్ని విషాదమని అనకూడదనీ, టైటానిక్ మునిగిపోవడమే విషాదమనీ చెప్పేవారు.

సంచాలకురాలు: మరి అంత మితభాషికి కోపం వస్తే?

అతిథి: 1981 ఫిబ్రవరి 1న, మెల్‌బోర్న్‌లో వచ్చింది. చివరి బంతికి న్యూజిలాండ్ ఆరు పరుగులు కొడితే మ్యాచ్ సమం అవుతుంది. సిక్సర్ కొట్టే వీలు లేకుండా ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్ చేత బంతిని నేల మీద దొర్లించాడు. ఆనాటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. మ్యాచ్ ముగిశాక బెనో గారు కెమెరా ముందు నిలబడి, గొంతు పెంచకుండా, క్రికెట్ మైదానంలో తాను చూసిన అతి హీనమైన పనుల్లో ఇదొకటని తన సొంత దేశపు కెప్టెన్ గురించి చెప్పారు. ఓవర్ల లెక్క తప్పినందువల్లే కెప్టెన్‌కు ఆ పరిస్థితి వచ్చిందని కూడా విడమరిచారు. ఎప్పుడూ అరవని మనిషి కాబట్టే ఆ మాటకు అంత బరువు వచ్చింది. మన తెలుగు ప్రసారాల్లో ఇప్పుడు ప్రతి సిక్సర్‌కూ ఒకే స్థాయిలో కేకలు వినిపిస్తుంటే, నిజంగా గొప్ప సిక్సర్ వచ్చిన రోజున ఈ పిల్లలకు ఏ గొంతు మిగులుతుందా అని నాకు బాధ కలుగుతుంది.

సంచాలకురాలు: 2005లో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆయన ఇంగ్లండ్ ప్రేక్షకులకు వీడ్కోలు చెప్పారు కదా, దాని గురించి చెప్పండి.

అతిథి: ఇంగ్లండ్‌లో ప్రసార హక్కులు చందా కట్టి చూసే ఛానల్‌కు వెళ్లిపోయాయి. క్రికెట్ అందరికీ ఉచితంగా కనిపించాలని నమ్మినందువల్ల, 42 ఏళ్ల తరువాత అక్కడ మైకు వదిలేయాలని ఆయన నిశ్చయించుకున్నారు. చివరి రోజున ప్రేక్షకులకు కృతజ్ఞతలు చెబుతూ, ఇన్నేళ్లూ ఎంతో ఆనందించానని అంటూ ఉండగానే ఆస్ట్రేలియా బౌలర్ మెక్‌గ్రాత్ బంతికి ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ పీటర్సన్ 158 పరుగుల వద్ద బౌల్డ్ అయ్యాడు. అదే వాక్యంలో, గొంతు తడబడకుండా, బ్యాట్స్‌మన్‌కు మాత్రం ఆ ఆనందం లేదంటూ వికెట్ సంగతి చెప్పేశారు. తన జీవితంలోని అంత పెద్ద క్షణాన్ని కూడా ఆట కంటే ముందు నిలబెట్టుకోలేదు.

సంచాలకురాలు: ఆ తరువాత?

అతిథి: ఛానల్ నైన్‌లో మరి కొన్నేళ్లు కొనసాగారు. 2013లో కారు ప్రమాదంలో గాయపడ్డాక మళ్లీ వ్యాఖ్యానానికి రాలేకపోయారు. 2014 నవంబరులో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ బంతి తగిలి మరణించినప్పుడు బెనో గారు క్యాన్సర్‌తో ఉన్నారు. అయినా అడిలైడ్ టెస్టుకు ముందు వినిపించిన నివాళికి తన గొంతునిచ్చారు. ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్న కుర్రవాడు, వయసు 25 ఏళ్లు, ఆస్ట్రేలియా టెస్టు ఆటగాళ్ల వరుసలో టోపీ సంఖ్య 408 అంటూ చిన్న చిన్న మాటలే. చివర "శాంతిగా నిద్రపో, బాబూ" అన్నారు. 2015 ఏప్రిల్ 10న ఆయనా వెళ్లిపోయారు. ఆ నివాళి ఇప్పుడు విన్నా, మాటకూ మాటకూ మధ్య ఆయన ఎంతసేపు ఆగారో నాకు చెవిలో వినిపిస్తూనే ఉంటుందమ్మా.